హంసపాదాల కిందికి దిగిన నీరు

నల్లరాతి కొండ నెత్తిన, మేఘాలు వీధి మలుపుల్లో తచ్చాడేటంత ఎత్తున, శిఖరపురం వెలసి ఉండేది. రత్నశిఖర రాజ్యానికి అదే రాజధాని. పగడపు రంగు ప్రాకారాలు, గాలి వీచినప్పుడల్లా చిరుగంటలు మోగే బురుజులు, సంపెంగల వాసన మోసుకొచ్చే రాజవీధులు ఉన్న ఆ నగరానికి నది లేదు, బావి లేదు. కొండ నిండా పగుళ్ళు. వాన తెరపి ఇచ్చిన మరుక్షణమే నీరంతా ఆ పగుళ్ళ వెంట పాతాళానికి జారిపోయేది. ఇంటింటా వాననీటి తొట్లు పెట్టుకుని జనం బతికేవారు.

అటువంటి చోట, రాజోద్యానం నడుమ, నిండు చంద్రుణ్ణి నేల మీద పరచినట్టు హంసకొలను నిలిచి ఉండడం వింతే. ఆ వింతకు కారణం మంత్రం కాదు, పనితనం. మూలపురుషులు రాతిలో పళ్ళెంలా గుంట తొలిపించి, బంకమన్ను మెత్తించి, దాని మీద అడవిదున్నల తోళ్ళను ఒకదానికొకటి జోడించి కుట్టించి పరిపించారు. కుట్ల మీద లక్క పోశారు. తోలు మీద తేనెమైనం, గుగ్గిలం కలిపి కాచి పూశారు. ఆ తోలుపొర అంచులను గట్టు దాకా లాగి పాలరాతి పలకల కింద నొక్కి పెట్టారు. తరతరాలుగా ఆ పొర చుక్క నీటిని కూడా కొండకు వదల్లేదు.

కొలను మధ్య రాతిస్తంభం మీద పాలరాతి హంస ఒకటి ఉండేది. దాని పాదాలను నీరు తాకుతున్నంత కాలమే సింహాసనం మీద ఉన్నవారికి ఏలే హక్కు. ఏటా వేసవి ఆఖరి దినాన సూర్యుడు అస్తమించే వేళ పెద్దలు వచ్చి చూస్తారు. నీరు పాదాలకు అందకపోతే పాలకులు కిరీటం దించి, నిరాయుధులై, ఒంటరిగా భస్మారణ్యంలోకి నడిచి వెళ్ళాలి. అలా వెళ్ళి తిరిగి వచ్చినవారు లేరు. ఆకాశం నుంచి నేరుగా కొలనులో పడినది తప్ప, తొట్లలో పట్టిన వానతో సహా వేరే ఏ నీరైనా ఆ కొలనులో కలిపించిన పాలకులకూ అదే శిక్ష. ఈ చట్టం ఎందుకు పెట్టారో ఎవరికీ తెలియదు. కారణం తెలియదు గనుక మార్చే ధైర్యమూ ఎవరికీ కలగలేదు.

ఆ ఏటి వేసవి ఆఖరి దినం అదే. ఉదయపు ఎండలో నీరు హంస కాలిగోళ్ళ దగ్గర ఊగిసలాడుతున్నది. రాజ్యాన్ని ఏలుతున్న స్వయంప్రభ మహారాణి వయసు ఇంకా ముప్పై దాటలేదు.

గట్టున ఒక కూలివాడు బోర్లా పడుకుని, కొలనులో మెడదాకా ముంచి నిలిపిన ఇత్తడి బిందెలోకి తొంగి చూస్తున్నాడు. తోటలో అందరూ అతన్ని సింగన్న అనేవారు. నిజానికి అతడు పొరుగున ఉన్న సింధుకూట రాజ్యపు యువరాజు రుచిరకేతు. ధూమకేశుడనే మాంత్రికుడు రుచిరకేతు తండ్రి ఆస్థానంలో చేరి, ఆయన జ్ఞాపకశక్తినంతా అపహరించి మాయమైపోతే, వాడి జాడ వెతుకుతూ ఇతడు బయలుదేరాడు. ఆ జాడ ఈ కొండ మీద తేలింది. ధూమకేశుడు ఇక్కడ రాజాచార్యుడై కూర్చున్నాడు. రెండు రాజ్యాల మధ్య తాతల నాటి పగ ఉంది గనుక రుచిరకేతు పెట్టుడు గడ్డంతో, మట్టి కొట్టుకున్న పంచెతో తోటపనిలో చేరాడు.

"ఒరే సింగా, బిందెకి జాతకం చూస్తున్నావేంట్రా?" అంది వెనక నుంచి చెంగమ్మ. ఆ ఉద్యానానికి ఆమె పెద్ద. చేతిలో కొడవలి, నోట్లో తమలపాకు లేని ఘడియ ఉండదు.

"ఇటు చూడు చెంగమ్మత్తా. ఈ బిందెలో, కొలనులో నీళ్ళు సమంగా ఉన్నప్పుడు గీత గీశాను. ఎండ రెంటిమీదా ఒకటేగా కాసింది. బిందెలో గోరు మందాన తగ్గింది. కొలనులో నాలుగు వేళ్ళు దిగింది."

"అయితే?"

"ఎండ తాగింది గోరు మందమే. మిగతాది ఎటో పోతోంది."

చెంగమ్మ నమలడం ఆపింది. "మొన్న జలయంత్రం ఆపించావు. తుంపర గాలికి పోతోందన్నావు. అది ఆపినా దిగింది. నిన్నటికి నిన్న తామరదుంపల వేళ్ళు తోలుని పొడిచాయన్నావు, సగం దుంపలు పీకించావు. అయినా దిగింది. ఇవాళ ఇంకేం చెప్తావో చెప్పు. ఆ తల్లిని సాయంత్రం అడవికి పంపించేస్తారు. చంటిపిల్లప్పుడు ఈ గట్టు మీదే నా ఒళ్ళో ఆడుకుంది."

"ఇంక మిగిలింది రెండే అత్తా. అడుగున చిల్లి, లేకపోతే అంచున ఎక్కడో తోలు జారిపోవడం. అడుగునే చూస్తాను."

"ఎట్టా చూస్తావు? మనిషి లోతుకి రెండింతలుంది."

అతడు మోదుగుపూలు నానబెట్టిన సొరకాయబుర్ర చూపించాడు. అందులో రంగు చిక్కగా, కుంకుమ పొద్దులా ఉంది. "దీన్ని అడుగున మెల్లగా వదులుతాను. నీరు కదలకపోతే రంగు కదలదు. చిల్లి ఉంటే రంగు అటే పాకుతుంది."

"దాని సంగతి సరే. మొసలి సంగతో?"

కొలనుకు కాపలా అని చెప్పి ధూమకేశుడు ఆ వేసవి మొదట్లో ఒక మొసలిని వదిలాడు. దాన్ని పగలు చూసినవారు తక్కువ, చూసి నవ్వినవారు ఎవరూ లేరు. రుచిరకేతు పంచె బిగించి నీటిలోకి జారిపోయాడు.

లోపల పచ్చటి వెలుగు. తామరకాడలు దేవాలయపు స్తంభాల్లా వరుసగా నిలిచి ఉన్నాయి. వాటి నడుమ వెండి చేపలు బంతులు బంతులుగా చెదిరి, మళ్ళీ కూడుతున్నాయి. అడుగున తోలుపొర నల్లగా, నున్నగా, నిద్రపోతున్న ఏనుగు వీపులా ఉంది. అతడు కుట్ల వెంట ఈదుతూ బుర్ర మూతి కొద్ది కొద్దిగా తెరిచాడు. రంగు పొగలా లేచి అక్కడే నిలిచిపోయింది. ఇంకో కుట్టు దగ్గర వదిలాడు. అక్కడా అంతే. ఊపిరి కోసం పైకి వెళ్ళి మళ్ళీ దిగాడు. అడుగంతా తిరిగినా రంగు ఎటూ పాకలేదు. అడుగున చిల్లి లేదు.

ఆ నిశ్చయానికి వచ్చిన క్షణంలోనే వెనక నీరు బరువుగా తోసింది. తిరిగి చూసేసరికి ఇనుప రేకుల్లాంటి పొలుసులు, కొలిమిలా ఎర్రని కళ్ళు, మూరెడు కోరలు. రుచిరకేతు మొలలోని కత్తి మీద చెయ్యి వేసి తీయకుండా ఆగిపోయాడు. ఇక్కడ పెనుగులాట జరిగితే ఆ గోళ్ళు తోలుపొరను చీల్చేస్తాయి. ఇంతవరకు లేని చిల్లి తన వల్లనే పడుతుంది. అతడు కాళ్ళతో ఒక్క తాపు తన్ని గట్టువైపు దూసుకుపోయాడు. మొసలి వెంటబడింది. దవడలు ఒకసారి మూసుకున్నాయి, పంచె కొంగు దాని పళ్ళలో ఉండిపోయింది. రెండోసారి మూసుకున్నప్పుడు మడమ మీద చర్మం లేచింది. గట్టు అందింది, బుర్రలో మిగిలిన రంగంతా అక్కడి నీటిలో ఒలికిపోయింది. పైనుంచి నీటిలోకి వేలాడుతున్న పొడవాటి నూలుగుడ్డ ఒకటి చేతికి తగిలింది. దాన్ని లాగి, మొసలి మళ్ళీ నోరు మూసిన రెప్పపాటులో ఆ మూతికి చుట్టి, ఇంకో చుట్టు చుట్టి, బలంకొద్దీ ముడి బిగించాడు.

మొసలి ఒక్కసారి వణికింది. మంత్రం దాని నోట్లో ఉంది కాబోలు, నోరు కట్టుబడగానే పొలుసులు బెరడుగా మారాయి, కళ్ళు ఆరిపోయాయి, తాటిమొద్దు ఒకటి నీటి మీద తేలుతూ పక్కకు ఒరిగింది.

"ఓరి నీ యవ్వ, దుంగకా ఇన్నాళ్ళూ భయపడి చచ్చాం?" అంది చెంగమ్మ, అతన్ని జబ్బ పట్టి గట్టు మీదికి లాగుతూ. అంతలోనే ఆమె ముఖం మారింది. "అది మా ఇంటి తాపవస్త్రంరా. పీకేశావేంటి? దాన్ని తీస్తే తల తీస్తారు తెలుసా?"

తాపవస్త్రమంటే ఆ కొండ మీది వారి మొక్కు. జ్వరం వచ్చినవారి నుదుట తడిగుడ్డ వేసినట్టే, పాలకులకు జబ్బు చేస్తే ఇంటికొక నూలుపట్టీ కొలనులో ముంచి కడతారు. వారి ఒంటి తాపం గుడ్డలోకి దిగుతుందని నమ్మకం. పూర్వం వాటిని పడవ మీద వెళ్ళి హంస మెడకు కట్టేవారు. ఈ వేసవి మొదట్లో స్వయంప్రభకు జ్వరం తగిలినప్పుడు ధూమకేశుడు కొత్త పద్ధతి చెప్పాడు. పట్టీ ఒక కొస నీటిలో ఉండాలి, రెండో కొస గట్టు దాటి బయటి నేలను తాకాలి, అప్పుడే తాపం భూమిలోకి దిగుతుందన్నాడు. ఊరంతా కట్టారు. జ్వరం తగ్గింది, కాని నీరు తగ్గడం మొదలైంది. రాణికి ఇంకా ఏదో కీడు ఉందని భయపడి జనం ఇంకా కట్టారు. ఎంత కడితే అంత తగ్గింది, ఎంత తగ్గితే అంత కట్టారు. ఇప్పుడు కొలను చుట్టూ గట్టు కనిపించకుండా పట్టీలే, తెల్లని ఈకల రెక్కలు పరుచుకున్నట్టు.

రుచిరకేతు ఆ మాటలు వినడం లేదు. అతని కళ్ళు గట్టు అవతలి వైపున ఉన్నాయి. ఎండకు తోటంతా నెర్రెలు విచ్చింది. పట్టీల కొసలు తగిలే చోట మాత్రం నేల బురదగా ఉంది, పచ్చగా తుంగ మొలిచింది. అతడు వంగి పక్కనున్న పట్టీ కొసను పట్టుకున్నాడు. దాని చివర ఒక చుక్క నిండి, వేలాడి, రాలింది. ఇంకొకటి నిండసాగింది. ఆ చుక్క మోదుగుపువ్వు రంగులో ఉంది.

అతడు ఆ కొసను చెంగమ్మ అరచేతిలో పెట్టాడు.

ఆమె చూసింది. చుక్క ఆమె చేతిలో పడింది. మరొకటి పడింది. "లోపల నువ్వు వదిలిన రంగేనా ఇది?"

"అదే అత్తా. అడుగు కాదు, అంచు కాదు. దీపంలో వత్తి నూనె పీల్చినట్టు గుడ్డ నీటిని పీల్చి, గట్టు దాటించి, అవతల వదిలేస్తోంది. ఒక్క పట్టీ వదిలేది ఎంతో కాదు. కాని ఊరంతా కట్టింది. నేను బిందె పెట్టిన రోజు నుంచీ వీటిని పక్కకు జరుపుకుంటూనే కూర్చున్నాను. అడుగు చూశాను, కళ్ళముందున్నది చూడలేదు."

"అందరికన్నా పొడుగు పట్టీ కట్టింది నేనే," అంది చెంగమ్మ మెల్లగా. "పెళ్ళినాటి చీర చింపి కట్టాను."

అప్పటికే కావలివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. తెంచిన పట్టీ, తేలుతున్న దుంగ, తడిసిన కూలివాడు కనిపించగానే అతని చేతులు వెనక్కి విరిచి కట్టేశారు.

కొలను ఒడ్డునే చంద్రకాంత శిలల మండపంలో స్వయంప్రభ కూర్చుని ఉంది. సాయంత్రం జరగబోయేది తెలిసి కూడా ఆమె ఆ ఉదయం నుంచి తగాదాలు విని తీర్పులు చెబుతూనే ఉన్నది. పక్కన ధూమకేశుడు, పొగ రంగు జటలు మోకాళ్ళ దాకా వేలాడుతూ, కళ్ళు సగం మూసుకుని నిలబడ్డాడు.

"ఏం చేశాడు?" అంది రాణి.

"తాపవస్త్రం తెంచాడు మహారాణీ. ఇంకా తెంచాలంటున్నాడు," అన్నాడు కావలివాడు. రుచిరకేతును ముందుకు తోసిన విసురుకు, నీటిలో నాని ఊడివస్తున్న పెట్టుడు గడ్డం కాస్తా జారి నేల మీద పడింది.

ధూమకేశుడు కళ్ళు పూర్తిగా తెరిచాడు.

"సింధుకూటపు రుచిరకేతు," అన్నాడు నెమ్మదిగా. "శత్రురాజు కొడుకు మన కొలను దగ్గర కూలి చేస్తున్నాడు. నీరు ఎందుకు తగ్గుతోందో ఇక వేరే చెప్పాలా?"

స్వయంప్రభ గడ్డాన్ని చూసి, మనిషిని చూసింది. "మేకవెంట్రుకలా? పాపం, ఈ ఎండలో బాగా దురద పెట్టి ఉంటుంది. మా కొలను ఎండిపోతే సంతోషించవలసినవాడివి. దాన్ని బాగుచెయ్యడానికి మొసలి నోట్లో కాలెందుకు పెట్టావు?"

"మీ ఆచార్యుడు మా తండ్రి జ్ఞాపకాలు తీసుకుపోయాడు. మీరు దిగిపోతే ఈ సింహాసనం ఆయనది అవుతుంది. అప్పుడు ఆయన్ను ఏమీ అడగలేను. నా స్వార్థం నాకుంది మహారాణీ. కాని చుక్కకు స్వార్థం లేదు. దాన్ని చూసి నిర్ణయించండి."

"ఎలా చూడాలి?"

అతడు అడిగిన మీదట రెండు గిన్నెల నిండా వాననీరు తెచ్చి ఎండలో పెట్టారు. ఒకదాని అంచు మీదుగా తడిపిన నూలుపట్టీ వేశారు, ఒక కొస నీటిలో, ఒక కొస బయట కిందికి. రాణి తన మిగిలిన తీర్పులు చెప్పింది. పొలం గట్టు తగాదా ఒకటి, పారిపోయిన గుర్రం సంగతి ఒకటి. అవి ముగిసి ఆమె లేచి వచ్చేసరికి పట్టీ లేని గిన్నె నిండుగా ఉంది. పట్టీ ఉన్న గిన్నె వెలితి పడింది. దాని పక్కన నేల తడిసి ఉంది.

"అది పవిత్ర వస్త్రం," అన్నాడు ధూమకేశుడు. "దాన్ని తీస్తే తాపం వెనక్కి వచ్చి మిమ్మల్నే కాలుస్తుంది."

"ఆచార్యా, నాకు జ్వరం తగ్గి చాలా కాలమైంది. ఇంకా వీటిని ఎందుకు కట్టిస్తున్నారు?"

"ప్రజల భక్తికి అడ్డం చెప్పమంటారా?"

అప్పటికి పొద్దు వాలింది. తీర్పు చూడడానికి ఊరంతా గట్టు చుట్టూ చేరింది. రాణి ఆజ్ఞ ఇవ్వవచ్చు. కాని తన కోసం కట్టిన మొక్కులను తానే తెంపిన పాలకురాలిని ఆ జనం ఏమనుకుంటారో ఆమెకు తెలుసు. ఆమె వాళ్ళ ముఖాలను చూస్తూ నిలబడింది.

ముందుకు వచ్చింది చెంగమ్మ.

"నేను కట్టింది తెగిపోయింది గాని, మా అక్కది ఇదిగో ఇక్కడుంది. ఇది నేను తీస్తున్నా. అమ్మా మీరంతా వినండి. ఈ తల్లికి మేలు చేస్తున్నామనుకుని చేతులారా కొలను తోడి పారబోశాం. మనసు మంచిదే, గుడ్డ కట్టిన చోటు మంచిది కాదు. అడవికి వెళ్ళేది ఆచార్యుడి కూతురు కాదు, మన పిల్ల. తీస్తే పాపమైతే ఆ పాపం నా నెత్తిన రాసుకోండి, పదండి."

ఆమె పట్టీని గుంజింది. ఎవరో ముసలాయన ఇంకొకటి తీశాడు. తర్వాత ఎవరు తీశారో, ఎవరు తీయలేదో చెప్పడం కష్టం. కాసేపటికి కొలను గట్టు మళ్ళీ కనిపించింది.

కాని నీరు తగ్గడం ఆగడం వేరు, పెరగడం వేరు. హంస పాదాలకూ నీటికీ మధ్య సన్నని దారమంత ఎడం ఉంది. సూర్యుడు బురుజు వెనక్కి దిగుతున్నాడు. ఆకాశంలో మబ్బు లేదు.

"తొట్టి నీళ్ళు తెస్తాం తల్లీ," అన్నారెవరో.

"వద్దు. వేరే నీరు కలిపితే అదే శిక్ష," అంది స్వయంప్రభ.

చెంగమ్మ తన చేతిలో నీళ్ళోడుతున్న పట్టీ వంక చూసింది. తర్వాత గట్టు మీద మోకరిల్లి, నీటి మీద చేతులు చాపి, దాన్ని గట్టిగా పిండింది.

జనానికి అర్థమైంది. గట్టు చుట్టూ వరుసగా వంగారు. వెనక ఉన్నవారు తమ పట్టీలను ముందున్నవారికి అందించారు. గాజుల చేతులు, కాయలు కాచిన చేతులు, ముడతల చేతులు బిగుసుకున్నాయి. కొలను అంతటా వానలాంటి చప్పుడు లేచింది.

"చట్టవిరుద్ధం," అన్నాడు ధూమకేశుడు.

"ఎలాగ?" అంది రాణి. "ఇది కొలనులో నీరే. కొలను నుంచి వచ్చింది, కొలనులోకి వెళుతోంది. దారిలో కాసేపు గుడ్డలో ఆగింది, అంతే."

పెద్దలు హంస దగ్గరికి పడవలో వెళ్ళారు. నీటి మీది అలలు సద్దుమణిగే దాకా ఆగారు. సూర్యుడి అంచు బురుజు వెనక మాయమైన క్షణాన పెద్దల్లో ఒకాయన వంగి, తలెత్తి, రెండు చేతులూ పైకి చాపాడు. నీరు పాదాలను తాకింది.

భేరీలు మోగాయి. చెంగమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, రుచిరకేతు కట్లు కొడవలితో కోసింది. "యువరాజువైతే మాత్రం, రేపు పీకించిన దుంపలన్నీ నువ్వే నాటాలి," అంది.

అతడు నవ్వబోయి ఆగాడు. జనం పిండడం ఎప్పుడో మానేశారు. పట్టీలు భుజాల మీద వేసుకుని పాడుతున్నారు. అయినా నీరు హంస పాదాలు దాటింది. చూస్తుండగానే మోకాళ్ళకు వచ్చింది.

"ఇంకా పెరుగుతోంది," అంది పక్కకు వచ్చిన స్వయంప్రభ. ఆమె గొంతులో సంతోషం అప్పుడే సందేహంగా మారుతున్నది. "ఎక్కడి నుంచి?"

"ఎక్కడి నుంచీ రావడం లేదు మహారాణీ. వాన లేదు, ఊట లేదు, ఎవరూ పోయడం లేదు. నీరు రాకుండా మట్టం పెరిగిందంటే ఒకటే కారణం. నీరు పెరగలేదు. పాత్ర చిన్నదవుతోంది."

ఇద్దరూ నీటిలోకి చూశారు. ఉదయం పళ్ళెంలా ఉన్న అడుగు ఇప్పుడు మధ్యలో ఉబ్బి ఉంది. నల్లని తోలుపొరను కింది నుంచి ఏదో భుజంతో ఎత్తుతున్నట్టు అది మెల్లగా, ఆగి ఆగి, పైకి లేస్తున్నది. తామరకాడలు పక్కలకు ఒరుగుతున్నాయి.

మండపం వైపు తిరిగారు. ధూమకేశుడు నిలబడిన చోట ఎవరూ లేరు.

"నీరు ఎందుకు తగ్గిందో వెతికాను," అన్నాడు రుచిరకేతు. "ఎందుకు తగ్గించాడో అడగలేదు. సింహాసనం కోసమే అనుకుని ఊరుకున్నాను. వాడికి కావలసింది కుర్చీ కాదు. ఈ కొండ కింద దేన్నో మూసిపెట్టి, దాని మీద ఇంత నీటిని బరువుగా నిలిపారు మీ పూర్వులు. హంస పాదాల దాకా ఉంటే మూత కదలదు. అంతకు తగ్గితే కదులుతుంది. ఆ మట్టాన్ని కాపాడడానికే పాలకుల ప్రాణాలను పందెంగా పెట్టి చట్టం చేశారు."

రాణి గట్టు అంచున వంగి ఆ ఉబ్బును చూసింది. "అయితే అస్తమయం వేళ పాదాలను తాకింది నా ప్రజలు పిండిన నీరా, లేక కింది నుంచి అది ఎత్తిన నీరా?"

"చెప్పలేను మహారాణీ. రెండూ ఒకే ఘడియలో జరిగాయి."

"నా గెలుపు కూడా వాడి చలవేనేమో అన్నమాట."

కొలనులో ఎక్కడో ఒక కుట్టు తెగిన చప్పుడైంది. బుడగల బారు ఒకటి గంధకపు వాసనతో పైకి వచ్చింది. పాటలు ఆగిపోయాయి. జనం వెనక్కి జరగసాగారు.

"దాన్ని అణచాలంటే?" అంది స్వయంప్రభ.

"బరువు పెంచాలి. గట్టు నిండేదాకా నీరు పొయ్యాలి. ఈ లోపల ఎవరో దిగి ఆ కుట్టును పట్టి ఉంచాలి. దిగేది నేను. కాని నీరు..." అతని చూపు ఆమె కిరీటం మీదికి వెళ్ళింది.

ఆమె కిరీటం తీసింది. దాన్ని పాలరాతి గట్టు మీద, పెద్దలందరికీ కనబడేటట్టు పెట్టింది. జనం వైపు తిరిగి, తీర్పు చెప్పే గొంతుతోనే అన్నది:

"మీ తొట్లలో ఉన్న నీరంతా తెచ్చి ఇందులో పొయ్యండి. ఆజ్ఞ ఇచ్చింది నేను, కలిపింది నేను. రేపు తాగడానికి ఏముంటుందో రేపు చూసుకుందాం. మొదటి కుండ నాకివ్వండి."

"వద్దు తల్లీ, నేను పోస్తాను," అని చెంగమ్మ అడ్డం వచ్చింది.

"నువ్వు పోస్తే ఏం లాభం చెంగమ్మా? చట్టం నిన్ను పట్టించుకోదు."

ఎవరో తెచ్చిన కుండను చెంగమ్మ అందుకుని, తానే రాణి చేతుల్లో పెట్టింది. రుచిరకేతు ఒక తాపవస్త్రాన్ని నడుముకు కట్టుకుని, రెండో కొసను చెంగమ్మకు ఇచ్చాడు. కుండ వంగింది. శిఖరపుర చరిత్రలో మొదటిసారి ఆకాశం నుంచి నేరుగా రాని నీరు హంసకొలనులో పడింది. ఆ ధార పక్క నుంచే అతడు చీకట్లోకి దూకాడు.

తెగిన కుట్టు చేతికి దొరికింది. రెండు అంచులనూ దగ్గరికి లాగి పట్టుకున్నాడు. అప్పుడు అవతలి వైపు నుంచి, తోలు సందులోగుండా, మనిషి వేళ్ళలాంటి చల్లని వేళ్ళు అతని మణికట్టును చుట్టుకున్నాయి.